వింత మినీ గోల్ఫ్ కోర్సులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు నార్త్ కరోలినాలో, రాలీ పక్కనున్న కేరీలో. వేసవి వచ్చిందంటే ఇక్కడి తెలుగిళ్లలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఉంటారు. గుళ్లూ మాల్సూ అయిపోయాక ఇక ఎక్కడికి తీసుకెళ్లాలో తోచదు. అప్పుడు కారెక్కించి, దగ్గర దగ్గర మూడు గంటలు నడిపి, సౌత్ కరోలినాలో ఉన్న మర్టిల్ బీచ్‌కి వెళ్తాం. అలా వెళ్లినప్పుడల్లా ఆడీ ఆడీ నాకు మినీ గోల్ఫ్ పిచ్చి పట్టింది. ట్రిప్ వేసుకుంటూ ఫోన్ చేసేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ప్రతివాళ్లకీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

గోల్ఫ్ బొత్తిగా రాదు. మేం ఆడగలమా?

ఆడగలరు. గోల్ఫ్‌లో కష్టమంతా బంతిని గాల్లోకి లేపి వందల గజాలు పంపడంలో ఉంటుంది. ఇక్కడ ఆ బాధ లేదు. గుంత దగ్గరికొచ్చాక బంతిని నేల మీద దొర్లించే చివరి ముక్క ఉంటుంది చూడండి, అదొక్కటే పట్టుకుని ఆటగా చేశారు. కర్ర కూడా ఒకటే, దాన్ని పటర్ అంటారు. ఆడే మైదానాన్ని కోర్సు అంటారు. అందులో మామూలుగా 18 హోల్స్ ఉంటాయి, హోల్ అంటే ఒక గుంతా, దాని దాకా వెళ్లే దారీ. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లు గెలిచినట్టు.

క్యారమ్స్ ఆడినవాళ్లకి ఇంకా సులువు. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు, మోచేయిలా వంకర తిరిగిన ఒక హోల్ దగ్గర మేమంతా మలుపు దాకా ఒక దెబ్బ, అక్కణ్ణించి ఇంకో దెబ్బ కొట్టాం. ఆయన మాత్రం ఒంగి, ఒక కన్ను మూసి, పక్కనున్న ఇటుక గట్టు వంక కాసేపు చూశారు. "ఒరేయ్, దీన్ని రిబౌండ్ కొడితే పోదూ?" అన్నారు. కొట్టారు. బంతి గట్టుకి తగిలి, మూల తిరిగి, గుంతకి జానెడు దూరంలో ఆగింది. ఆయన లెక్కలో ఇది గోల్ఫ్ కాదు, నిలబడి ఆడే క్యారమ్స్.

ఈ ఆట పిల్లల కోసం పుట్టిందా?

కాదు, ఆడవాళ్ల కోసం. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్‌కి పుట్టిల్లు లాంటి ఊరు. 19వ శతాబ్దంలో అక్కడ ఆడవాళ్లు కర్రని భుజం పైకి ఎత్తి కొట్టడం మర్యాద కాదనేవారు. అయితే ఎత్తకుండానే ఆడుకుంటాం అని 1867లో వాళ్లు ఒక పటింగ్ క్లబ్ పెట్టుకున్నారు. ఆ రోజుల్లో గోల్ఫ్‌లో పెద్ద పేరున్న ఓల్డ్ టామ్ మారిస్ వాళ్లకి మైదానం తీర్చి ఇచ్చాడు. అదిప్పటికీ ఉంది. పేరు 'ది హిమాలయాస్'. కొండలేమీ లేవు. నేలంతా గుట్టలూ పల్లాలుగా, దుప్పటి కింద పిల్లలు దాక్కున్నట్టు ఉంటుంది. క్లబ్బు వాళ్లు ఆడని వేళల్లో కొద్దిపాటి డబ్బులు కట్టి ఎవరైనా ఆడొచ్చు. బొమ్మలు లేవు, అడ్డంకులు లేవు. బంతిని తిప్పేది ఆ ఒంపులే. ప్రపంచంలో గుర్తుండిపోయే కోర్సు ఒకటే చెప్పమంటే నేను దీన్నే చెప్తాను.

అమెరికాకి ఎలా వచ్చింది?

మాకు గంటన్నర లోపు దూరంలో పైన్‌హర్స్ట్ అనే గోల్ఫ్ ఊరుంది. 1910ల చివర్లో అక్కడ జేమ్స్ బార్బర్ అనే ఓడల వ్యాపారి తన ఎస్టేట్‌లో ఒక చిట్టి కోర్సు కట్టించుకున్నాడు. పని పూర్తయ్యాక చూసి "ఇది చాల్లే" అన్నాడట. ఇంగ్లీషులో ఆ మాట 'దిసిల్ డూ'. దాన్నే స్కాటిష్ పేరులా కనబడేట్టు అక్షరాలు మార్చి 'థిసిల్ డూ' అని పెట్టేశాడు. ఇప్పుడు పైన్‌హర్స్ట్ రిసార్ట్ తన పటింగ్ కోర్సుకి అదే పేరు పెట్టుకుంది.

అసలు చిక్కు నేలతో వచ్చింది. బంతి నున్నగా దొర్లాలంటే గడ్డి రోజూ కత్తిరించాలి, నీళ్లు పెట్టాలి, తొక్కితే పాడవుతుంది. దీనికి మందు దొరికింది పత్తి చేలో.

పత్తికీ మినీ గోల్ఫ్‌కీ ఏం సంబంధం?

గుంటూరు, వరంగల్ వైపు వాళ్లకి ఈ ముక్క నచ్చుతుంది. థామస్ ఫెయిర్‌బైర్న్ అనే ఆయనకి మెక్సికోలో పత్తి తోటలుండేవి. ఆయనకి గోల్ఫ్ పిచ్చి, అక్కడేమో గడ్డి బతకదు. గింజలు ఆడించాక మిగిలే పొట్టు మాత్రం గుట్టలుగా పడి ఉండేది. ఆ పొట్టుకి ఇసక, నూనె కలిపి, ఆకుపచ్చ రంగు వేసి, అణగదొక్కి పరిచాడు. బంతి దాని మీద గడ్డి మీద దొర్లినట్టే దొర్లింది. 1920ల్లో దాన్ని పేటెంట్ చేశాడు. మనం గొడ్లకి పెట్టే సరుకుకి బంధువే అది.

ఇక ఆ నేలని ఎక్కడైనా పరవొచ్చు. న్యూయార్క్ వాళ్లు మేడల మీద కూడా పరిచారు. 1920లు ముగిసేసరికి ఆ ఊళ్లో డాబాల మీదే 150 దాకా కోర్సులు ఉండేవంటారు. ఆఫీసులో భోజనం వేళ లిఫ్టెక్కి పైకెళ్లి ఓ ఆట ఆడి దిగి రావడం అన్నమాట.

ఈ బొమ్మలు, గుహలు, మాయలోకాలు ఎవరు మొదలుపెట్టారు?

టెనెసీ, జార్జియా సరిహద్దులో లుకౌట్ మౌంటెన్ అనే కొండ ఉంది. దాని మీద గార్నెట్ కార్టర్, ఆయన భార్య ఫ్రీడా ఒక హోటల్ నడిపేవారు. 1927 ప్రాంతంలో హోటల్‌కొచ్చే వాళ్లకి కాలక్షేపంగా చిన్న గోల్ఫ్ కట్టారు. కానీ అది నాలుగు గుంతలు తవ్వి వదిలేసిన కోర్సు కాదు. ఫ్రీడాకి జానపద కథలంటే ప్రాణం. మరుగుజ్జు బొమ్మలు, బోలు చెట్టు మానులు, చిన్న చిన్న ఇళ్లు పెట్టించింది. బంతి కథలోంచి కథలోకి దొర్లినట్టు ఉండేది. కార్టర్ దానికి టామ్ థమ్ గోల్ఫ్ అని పేరు పెట్టి, ఫెయిర్‌బైర్న్ నేల వాడుకునే హక్కులు కొని, దేశమంతా అమ్మాడు.

ఆ తర్వాత జరిగింది ఊహకందదు. 1929లో షేర్ మార్కెట్ కూలింది. జనం జేబుల్లో చిల్లరే మిగిలింది, ఆ చిల్లరతో సాయంత్రం గడిపే ఆట ఇదొక్కటి దొరికింది. 1930 నాటికి అమెరికాలో 25 వేలకు పైగా కోర్సులు ఉన్నాయని అంచనా. పెట్రోల్ బంకు పక్కన, ఖాళీ స్థలం కనబడిన ప్రతిచోటా వెలిశాయి. రెండేళ్లు తిరక్కుండానే ఆ పిచ్చి దిగిపోయింది కూడా. కార్టర్ దంపతులు అదే కొండ మీద రాళ్ల మధ్య ఫ్రీడా పెంచిన తోటని 1932లో 'రాక్ సిటీ' పేరుతో జనానికి తెరిచారు. ఇప్పటికీ జనం వెళ్తారు, మరుగుజ్జు బొమ్మలు ఇప్పటికీ పలకరిస్తాయి.

ఆ కాలం కోర్సు ఏదైనా ఇంకా ఆడుకునేలా ఉందా?

ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ పక్కన ఇరాండికోయిట్‌లో 1930లో మొదలైన విస్పరింగ్ పైన్స్. అమెరికాలో నిలిచి ఉన్న మినీ గోల్ఫ్ కోర్సుల్లో అదే పాతదంటారు. 2002లో చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. అగ్నిపర్వతాలు వెతక్కండి, అక్కడ దొరకవు. పాత సినిమా హాల్లో చెక్క కుర్చీ మీద కూర్చున్నంత హాయి మాత్రం దొరుకుతుంది.

గాలిమర లేకుండా మినీ గోల్ఫ్ ఉంటుందా?

ఉంటుంది. తిరిగే గాలిమర రెక్కల కింద నుంచి బంతిని పంపడం ఈ ఆటకి గుర్తులా అయిపోయింది. కానీ దాని మీద పెద్ద తగువే ఉంది, నాకిష్టమైన భాగం ఇదే.

మాకు దగ్గర్లోనే ఫేయెట్‌విల్ ఉంది. 1954లో అక్కడ డాన్ క్లేటన్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు పని టెన్షన్ తట్టుకోలేక సెలవు పెట్టి, పోనీ అని మినీ గోల్ఫ్ ఆడటానికి వెళ్లాడు. గాలిమరలు, జోకర్ బొమ్మలు చూసి ఒళ్లు మండింది. బాగా కొట్టినా బంతి రెక్కకి తగిలి వెనక్కొస్తే అది ఆటెలా అవుతుందని ఆయన కోపం. ఇంటికొచ్చి చిన్న చిన్న కార్డుల మీద తనే హోల్స్ గీశాడు. వాటిలో అదృష్టానికి చోటు లేదు. ప్రతి హోల్‌కీ పార్, అంటే మామూలుగా పట్టాల్సిన దెబ్బల లెక్క, రెండే. సరిగ్గా ఆలోచించి కొడితే ఒక్క దెబ్బలోనే పోయేలా కట్టాడు. అంచులకి నారింజ రంగు. మొదట 'షేడీ వేల్' అని పెడదామనుకున్నాడట, 'వేల్' స్పెల్లింగ్ ఏదో తేలక పట్-పట్ అని పెట్టేశాడని చెప్తారు. ఆ పేరుతో గొలుసు దుకాణాల్లా దేశమంతా వచ్చాయి.

మరుసటి ఏడాదే, 1955లో, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో రాల్ఫ్, ఆల్ లోమా అనే అన్నదమ్ములు దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టారు. తిరిగే గాలిమర, నోరు తెరిచి మూసే బొమ్మ, ఏది కదిలితే అది పెట్టి, విడిభాగాలుగా తయారుచేసి లారీలకెక్కించి అమ్మారు. ఇవాళ మనం మినీ గోల్ఫ్ అనగానే గాలిమర గుర్తొస్తోందంటే అందులో వాళ్ల చేయి చాలా ఉంది.

నా ఓటు క్లేటన్‌కే. మేం ఒకసారి వెళ్లిన ఒక చోట (పేరెందుకు) గాలిమర రెక్క గుంత దారికి అడ్డంగా వచ్చి ఆగిపోయి ఉంది. కరెంటు పోయిందో, గేరు విరిగిందో. వెనక లైన్లో ఎనిమిది మంది నిలబడ్డారు. మా పిల్లది రెక్క కింద నుంచి చేయి పెట్టి బంతిని అవతలికి తోసింది, స్కోరు కార్డులో మాత్రం ఒకటే వేయించుకుంది. ఎంత పెద్ద బొమ్మ పెట్టినా ఫరవాలేదు, బంతిని మోసం చేయకూడదు. గుర్తుండిపోయే కోర్సుకీ ఫోటోకి మాత్రమే పనికొచ్చే కోర్సుకీ తేడా అదే.

మర్టిల్ బీచ్‌లో ఒక్క రోజే ఉంటాం. ఏవి ఆడాలి?

ఆ ఊరు తనని తాను ప్రపంచ మినీ గోల్ఫ్ రాజధాని అని పిలుచుకుంటుంది, ఊరూ చుట్టుపక్కలా కలిపి 50 దాకా కోర్సులున్నాయి. సముద్రం రోడ్డు మీద వెళ్తుంటే ఎడమ పక్క డైనోసార్, కుడి పక్క సముద్రపు దొంగల ఓడ, ముందు కూలిన విమానం. రెండే చెప్తాను.

ఒకటి, నార్త్ మర్టిల్ బీచ్‌లో హవాయియన్ రంబుల్. మధ్యలో 40 అడుగుల అగ్నిపర్వతం. ఇరవై నిమిషాలకోసారి గర్జించి మంట కక్కుతుంది. ఏ హోల్ దగ్గరున్నా ఆ చప్పుడుకి ఎవరో ఒకరి చేయి బెదురుతుంది. అమ్మ మొదటిసారి పటర్ వదిలేసి చీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగెత్తింది, తర్వాత అరగంట మాతో మాట్లాడలేదు. హంగామా అంతా పక్కన పెట్టి నేల చూడండి. కార్పెట్ ఎక్కడా ఉబ్బి ఉండదు, గట్టు నుంచి బంతి అనుకున్న కోణంలోనే తిరిగొస్తుంది. ప్రొఫెషనల్ ఆటగాళ్ల మాస్టర్స్ పోటీ 1997 నుంచి ఈ ఊళ్లో జరుగుతోంది, అది ఊరికే రాలేదు.

రెండోది, మౌంట్ అట్లాంటిస్ కాదు, మౌంట్ అట్లాంటికస్ మినోటార్ గాఫ్. గోల్ఫ్ స్పెల్లింగ్ కూడా కావాలనే తప్పు రాశారు. 1998లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ బిల్డింగుని పట్టుకుని, దాని లోపలా పైనా గుహలు, మెట్లు, గడ్డిపాకలతో మునిగిపోయిన లోకమొకటి కట్టేశారు. పైకెక్కితే సముద్రం కనిపిస్తుంది. 18 అయ్యాక 19వ హోల్ ఉంటుంది. అందులో ఒకే దెబ్బకి బంతి వేస్తే ఆ కోర్సులో బతికున్నన్నాళ్లూ ఆట ఉచితం. ఎన్నిసార్లు కొట్టానో చెప్పను.

శవాలుంచే చోట మినీ గోల్ఫ్ ఉందంటారు, నిజమేనా?

నిజం. షికాగో దగ్గర పాలటైన్ అనే ఊళ్లో అంత్యక్రియలు జరిపించే ఒక కుటుంబ సంస్థ బేస్‌మెంట్‌లో తొమ్మిది హోల్స్ కోర్సు ఉంది. పేరు ఆల్‌గ్రిమ్ ఏకర్స్, 1960ల్లో కట్టారు. శవపేటిక, సమాధులు, తల నరికే గిలటిన్, అన్నీ చావు చుట్టూ తిరిగే అడ్డంకులే. ఆడటానికి డబ్బు తీసుకోరు. ముందు ఫోన్ చేసి రావాలి. పైన కార్యక్రమం జరుగుతుంటే కింద ఆట ఉండదు.

విన్నవాళ్లు మొదట "ఛీ" అంటారు. డప్పులు కొట్టించి, దారంతా చిందులేయిస్తూ సాగనంపే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం, మనకి మరీ అంత వింతగా అనిపించనక్కర్లేదు. ఆ పనిలోనే పుట్టి పెరిగిన ఇల్లు అది. వాళ్లకి శవపేటిక అంటే మనకి బీరువా లాంటిదే.

శాన్ ఫ్రాన్సిస్కోలో 2014లో మొదలైన అర్బన్ పట్ కూడా ఒకప్పటి మార్చురీ బిల్డింగే. కానీ అక్కడ చావు ఊసు లేదు, ఊరి భవనాల నమూనాలు, మరచక్రాలు, 1906 భూకంపం మీద ఒక హోల్.

చర్చిలో కూడా కట్టారట కదా?

ఇంగ్లండ్‌లోని రోచెస్టర్ కెథీడ్రల్‌లో, 2019 వేసవిలో. క్రీ.శ. 604లో పునాది పడ్డ చర్చి అది. ప్రార్థనలు జరిగే పెద్ద హాలు మధ్యలో తొమ్మిది హోల్స్ పరిచారు, ప్రతి దాని మీదా ఏదో ఒక వంతెన నమూనా. మనుషుల మధ్య వంతెనల గురించి పిల్లలు ఆలోచిస్తారని వాళ్ల ఉద్దేశం. దేవుడి ఇంట్లో ఈ ఆటలేమిటని తిట్టినవాళ్లు తిట్టారు, పిల్లల్ని తీసుకుని వెళ్లినవాళ్లు వెళ్లారు. వేసవితో అది అయిపోయింది, ఇప్పుడు వెళ్తే కనబడదు.

కళాకారులు చేసినవి ఎలా ఉంటాయి?

మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో వాకర్ ఆర్ట్ సెంటర్ వాళ్లు 2004 నుంచి కళాకారుల చేత హోల్స్ చేయించడం మొదలుపెట్టారు. చూడ్డానికి బ్రహ్మాండం. ఆడటానికి ఒక్కోసారి విసుగు. ఆలోచన ముందు, బంతి తర్వాత. అదే రాష్ట్రంలో బిగ్ స్టోన్ అనే చోట ఒక శిల్పి తన తోటలో రాళ్లు, పాత పడవ, చెక్కలతో కట్టిన కోర్సుంది. పక్కనే మేకలూ కోళ్లూ ఉంటాయి. ఒక్క మనిషి చేతి పని అని మొదటి హోల్‌లోనే తెలిసిపోతుంది.

ఆ మాటకొస్తే ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్‌లో 1959 నాటి గూఫీ గోల్ఫ్ చూడాలి. లీ కాప్లిన్ అనే ఆయన ఇనప చువ్వల మీద సిమెంటు పూసి డైనోసార్లు, కోతులు, స్ఫింక్స్ కట్టాడు. మన ఊరి చివర రాజకీయ నాయకుల సిమెంటు విగ్రహాల పోలికే, ముక్కు కాస్త అటూ ఇటూ. అందుకే ముచ్చటగా ఉంటాయి.

యూరప్‌లో దీన్ని సీరియస్‌గా ఆడతారా?

మనం చెస్ ఆడినంత సీరియస్‌గా. పాల్ బోంగ్ని అనే స్విట్జర్లండ్ ఆయన కొలతలన్నీ బిగించి సిమెంటు కోర్సు గీశాడు. 1954 మార్చిలో అస్కోనా ఊళ్లో మొదటిది తెరిచారు. హోల్ పొడవు 12 మీటర్లు, వెడల్పు 1.25 మీటర్లు, ఎక్కడికెళ్లినా అవే కొలతలు. ఎటర్నిట్ అనే రకంలో హోల్ 6.25 మీటర్లే, దాని మీద కాలు పెట్టకూడదు. ఆరు దెబ్బల్లో పడకపోతే ఏడు రాసుకుని ముందుకు నడవాలి.

వింతంతా బంతుల్లో ఉంది. ఒంటి నిండా చిన్న చిన్న నొక్కులుండే గోల్ఫ్ బంతి కాదు, నున్నటి రబ్బరు బంతి. ఒకటి రాయిలా చచ్చుగా పడుతుంది, ఒకటి ఎగిరి గంతేస్తుంది. ఒక్కో హోల్‌కి ఒక్కో బంతి, ఆటగాడి పెట్టెలో వందలుంటాయి. వేడికి రబ్బరు గుణం మారుతుందని చలి రోజుల్లో బంతుల్ని వెచ్చగా మోస్తారు. 18 హోల్స్‌ని 18 దెబ్బల్లో ముగించినవాళ్లున్నారు. నా రికార్డు 41.

మొసళ్లున్న కోర్సు?

ఫ్లోరిడాలో కాంగో రివర్. చిన్న ఎలిగేటర్లు, నిజమైనవే, కంచె లోపల. కర్ర చివర తిండి కట్టి ఇస్తారు, పిల్లలు అందిస్తారు. గోల్ఫ్ సంగతి పిల్లలు అక్కడితో మర్చిపోతారు.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఎక్కగలరా?

అగ్నిపర్వతం ఉందంటే మెట్లున్నట్టే. కానీ అమెరికా చట్టం ప్రకారం కొత్తగా కట్టే కోర్సుల్లో కనీసం సగం హోల్స్‌కి చక్రాల కుర్చీ వెళ్లాలి, అవి వరసగా కూడా ఉండాలి. రెండు కోర్సులున్న చోట మెట్లు తక్కువున్నది ఏదని కౌంటర్లో అడగండి. చీర కట్టుకునే ఆడొచ్చు, కాళ్లకి మాత్రం బూట్లుండాలి. తడి కార్పెట్ మీద చెప్పులు జారతాయి. మధ్యాహ్నం ఎండలో వద్దు, సాయంత్రం లైట్లు వేశాక వెళ్లండి.

నీళ్లు అంత నీలంగా ఎందుకుంటాయి?

రంగు కలుపుతారు. అందంతో పాటు, ఎండ లోపలికి దిగక నాచు తక్కువ పడుతుంది. బంతి పడితే చేయి పెట్టకండి, పక్కనే వల కట్టిన కర్ర ఉంటుంది.

ఇంటి దగ్గర, మన ఊళ్లో చేసుకోవచ్చా?

నిరుడు వేసవిలో మా ఊరి డాబా మీద చేశాం. పాత తివాచీ ముక్కలు, గట్లకి ఇటుకలు, మిగిలిపోయిన పీవీసీ పైపు, గుంతకి బదులు పక్కకి పడుకోబెట్టిన స్టీలు గ్లాసు. క్రికెట్ టెన్నిస్ బంతి వద్దు, ఎగురుతుంది. గట్టి రబ్బరు బంతి బాగా దొర్లింది. పటర్‌కి బదులు చీపురు కర్రకి అడ్డంగా చెక్క ముక్క మేకులతో బిగించాం. అందరికీ నచ్చిన హోల్ వాన నీళ్లు పోవడానికి డాబాకున్న వాలు. బంతి తూముకేసి దానంతటదే వంగి పోయేది. పిల్లలు రెండు రోజుల్లో ఆ వంపు కనిపెట్టేశారు. తూముకి గుడ్డ కుక్కడం మర్చిపోకండి, మా బంతులు మూడు వీధిలోకి పోయాయి.

చివరి హోల్‌లో బంతి బయటికి రావడం లేదు. ఏం చేయాలి?

ఏమీ చేయనక్కర్లేదు. చాలా చోట్ల 18వ గుంత కింద పైపు ఉంటుంది, బంతి అందులోంచి నేరుగా కౌంటర్‌కి వెళ్లిపోతుంది. ఆట అయిపోయిందని చెప్పే పద్ధతి అది. కొన్ని చోట్ల అక్కడ ఒకే దెబ్బకి వేస్తే గంట మోగుతుంది, ఇంకో ఆట ఉచితంగా ఇస్తారు. బంతితో ఫోటో కావాలంటే 17వ హోల్ దగ్గరే తీసుకోండి.